గ్యాస్ బండ లాంటిదే... హైడ్రోజన్ కారు!

కారు కొనాలంటే మనం ఏం చూస్తాం? రంగు చూస్తాం. మైలేజీ ఎంతిస్తుందో అడుగుతాం. డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయో, వెనక సీట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు ఇరుకు లేకుండా కూర్చోగలరో లేదో చూసుకుంటాం. పెట్రోలు బంకు ఎక్కడుంది అని మాత్రం ఎవరమూ అడగం. వీధి మలుపు తిరిగితే అది ఉండనే ఉంటుంది కదా! హైడ్రోజన్ కారు దగ్గరికొచ్చేసరికి ఈ వరస తిరగబడుతుంది. ముందు బంకు చూసుకోవాలి, ఆ తరవాతే బండి.

మేం కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గర్లో ఉన్న ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2021 నుంచి మా ఇంట్లో హైడ్రోజన్‌తో నడిచే కారు ఉంది. అమెరికాలో మామూలు సంసారులు ఇలాంటి కారు కొనుక్కుని నడుపుకుంటున్నది దాదాపుగా ఈ ఒక్క రాష్ట్రంలోనే. గుళ్ళో కలిసినా, పుట్టినరోజు పేరంటంలో కలిసినా మనవాళ్ళు అడిగేది ఒకటే. "నిజంగా నీళ్ళతో నడుస్తుందా? మేమూ కొనుక్కోమంటారా?" విశాఖపట్నంలో మా చెల్లెలు కూడా ఫోనులో ఇదే అడుగుతోంది. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే బాగుంటుందనిపించింది.

ముందు ఒక మాట. ఇది నీళ్ళతో నడవదు. నడిచాక నీళ్ళు వదులుతుంది. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఎందుకు కొన్నామంటే...

అప్పట్లో మేముండేది అపార్ట్‌మెంటులో. కారు పెట్టుకునే చోట ప్లగ్గు లేదు. కరెంటు కారు కొంటే రాత్రిపూట చార్జింగు పెట్టుకునే వీలు లేదు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని తెచ్చుకుని, వంట చూసుకునే వేళలో బయటెక్కడో గంటసేపు చార్జింగుకి నిలబడటం నావల్ల అయ్యే పని కాదు. హైడ్రోజన్ కారుకైతే పెట్రోలు పట్టించుకున్నట్టే ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. పొగ ఉండదు. మా ఇంటికి నాలుగు మైళ్ళలోనే ఒక బంకు ఉంది.

ఇక్కడ జనం కొన్న హైడ్రోజన్ కార్లు ముఖ్యంగా మూడు రకాలు. టొయోటా మిరాయ్, హ్యుందయ్ నెక్సో, హోండా క్లారిటీ. హోండావాళ్ళు క్లారిటీ తయారీ 2021లో ఆపేశారు. ఎక్కువ అమ్ముడైంది మిరాయే. జపాన్ భాషలో ఆ మాటకి భవిష్యత్తు అని అర్థం. 2025లో మన తెలుగులో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. 2014 చివర్లో జపాన్‌లో, 2015లో కాలిఫోర్నియాలో అమ్మకానికి పెట్టారు. 2021 మోడల్ మిరాయ్ నిండు ట్యాంకుతో 402 మైళ్ళు వెళుతుందని ప్రభుత్వ లెక్క. అంటే 640 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదులో బయల్దేరితే విశాఖపట్నం చేరిపోవచ్చన్నమాట.

ఈ మూడింట్లో ఒకటి మాది. పేరు చెప్పను గానీ, కొనేటప్పుడు చూపించిన ఆకర్షణలు మాత్రం చెప్పాలి. ఒకటి, ఇంధనం కార్డు. మిరాయ్ కొన్నవాళ్ళకి 15,000 డాలర్ల దాకా విలువ చేసే హైడ్రోజన్ ఉచితంగా ఇచ్చారు. రెండు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రిబేటు. అది 2023 నవంబరులో మూతపడింది. మూడు, కార్‌పూల్ స్టిక్కరు. ఇద్దరో ముగ్గురో ఎక్కితే తప్ప వెళ్ళనివ్వని వరసలో ఈ స్టిక్కరున్న బండికి ఒక్కరే ఉన్నా వెళ్ళొచ్చు. ఫ్రీమాంట్ నుంచి మౌంటెన్ వ్యూలో ఆఫీసుకి వెళ్ళే నాకు దానివల్ల సాయంత్రం ఇరవై, పాతిక నిమిషాలు కలిసొచ్చేవి. ఆ ఇరవై నిమిషాల విలువ ఉద్యోగం చేసే తల్లులకి నేను చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబరు 30తో ఆ సదుపాయం కూడా అయిపోయింది.

లోపల జరిగేదేమిటి?

ఇంజన్లో పెట్రోలు మండుతుంది. ఇందులో ఏదీ మండదు. ట్యాంకులోని హైడ్రోజన్, బయట గాలిలోని ఆక్సిజన్ ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో కలుస్తాయి. ఆ పెట్టెలో పల్చటి పొరలు వందల కొద్దీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. వాటిమీద ప్లాటినం పూత. నగల దుకాణంలో చూసే ప్లాటినమే! ఆ పూత తగలగానే హైడ్రోజన్ రెండుగా విడిపోయి కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. చివరికి హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవుతాయి. అంటే ఇదీ కరెంటు కారే. కాకపోతే కరెంటుని ప్లగ్గు నుంచి తెచ్చుకోకుండా తనలోనే తయారు చేసుకుంటుంది.

ఇదేదో నిన్న మొన్నటి కిటుకు కాదు. 1839లోనే విలియం గ్రోవ్ అనే ఆయన ఇలా కరెంటు పుట్టించి చూపించాడు. చంద్రుడి మీదకి వెళ్ళిన అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చింది ఇవే. అందులోంచి వచ్చిన నీళ్ళే వ్యోమగాములు తాగారు.

కిలో హైడ్రోజన్ వాడితే సుమారు తొమ్మిది కిలోల నీరు తయారవుతుంది. కొంత ఆవిరై పోతుంది, మిగతాది కారు కింద గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా కారుతుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు మొదటిరోజు అది చూసి, "అమ్మాయ్, కారు కిందనుంచి ఏదో కారుతోంది, మెకానిక్‌ని పిలిపించు" అని ఒకటే కంగారు. సంగతి చెప్పాక, "అయితే రోజూ ఈ నీళ్ళు ఓ కరివేపాకు కుండీలో పోస్తే పోలా!" అన్నారు.

బంకులో పది నిమిషాలు

బంకు చూడటానికి మామూలు పెట్రోలు బంకులాగే ఉంటుంది. చాలాచోట్ల పెట్రోలు బంకులోనే ఓ పక్కన ఈ మిషను పెడతారు. కొలిచేది లీటర్లలో కాదు, కిలోల్లో. మా ట్యాంకుకి పట్టేది ఐదు కిలోల పైచిలుకు. అంతే! పండక్కి తెచ్చుకునే బెల్లం మూటంత బరువు కూడా ఉండదు.

అంత తేలికైన వాయువుని అంత చిన్న ట్యాంకులో కుక్కాలంటే ఒత్తిడి కావాలి. కారు టైరులో గాలి ఒత్తిడి 33, 35 ఉంటే ఈ ట్యాంకులో పదివేలు ఉంటుంది. దాదాపు మూడువందల రెట్లు. అలా కుక్కేటప్పుడు వేడెక్కిపోకుండా వాయువుని ముందే సున్నాకి 40 డిగ్రీల కింద దాకా చల్లబరుస్తారు. అందుకని గొట్టం చివర మంచు పేరుకుంటుంది. తేమగా ఉన్న రోజున ఒక్కోసారి ట్యాంకు నిండినా గొట్టం ఊడిరాదు, మూతికి అతుక్కుపోతుంది. బలవంతాన లాగకూడదు. ఐదు నిమిషాలు ఓపిక పడితే మంచు కరిగి అదే వస్తుంది. మంచినీళ్ళ సీసా ఒకటి కారులో పెట్టుకోవడం మాకందరికీ అలవాటైపోయింది.

ఇంకో సంగతి. ముందున్న కారు నింపుకుని వెళ్ళగానే మిషనులో ఒత్తిడి తగ్గుతుంది. అది మళ్ళీ పుంజుకునే దాకా వెనకవాళ్ళు ఆగాలి. అందుకని ఐదు నిమిషాల పని అని చెప్పింది నిజమే గానీ, ముందు నలుగురుంటే అది ముప్పావుగంట పని.

భయం లేదా?

"గాలికి నిప్పు తోడైతే ఇంకేమన్నా ఉందా?" అని అడగనివాళ్ళు లేరు. ట్యాంకుని కార్బన్ పోగులతో చుట్టి తయారుచేస్తారు. గట్టిదనానికి కఠినమైన పరీక్షలు పెట్టాకే బండికి బిగిస్తారు. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలికైన వాయువు. లీకైతే వంటగ్యాసులాగా నేలబారుగా పేరుకోదు, చటుక్కున పైకి పోతుంది. మన వంటగ్యాసులో లీకు తెలియాలని వాసన కలుపుతారు కదా, ఇందులో అలా కలపరు. కలిపితే ఫ్యూయల్ సెల్ పాడైపోతుంది. అందుకని లీకు పసిగట్టే సెన్సర్లు పెట్టారు. ఏమాత్రం తేడా వచ్చినా ట్యాంకు కవాటం మూసుకుపోతుంది.

గ్యాస్ బండ మీద గడువు తేదీ రాసి ఉంటుంది కదా, ఏ, బీ, సీ, డీ అక్షరం, పక్కన సంవత్సరం! మిరాయ్ లాంటి కార్ల ట్యాంకుకీ అలాంటి గడువే ఉంటుంది. ఇంధనం మూత తెరిస్తే ఫలానా తేదీ తరవాత నింపకూడదని చీటీ కనిపిస్తుంది. తయారైనప్పటినుంచి 15 ఏళ్ళు. సెకండ్‌హ్యాండ్ కారు చూడటానికి వెళితే ముందు ఆ మూత తెరిపించండి.

ఈ నాలుగేళ్ళ పైచిలుకులో బండి వల్ల నాకు భయం వేసిన రోజు ఒక్కటీ లేదు.

బండి బంగారమే

నిజం చెప్పాలి కదా! నడపడానికి ఇంత హాయైన బండిని నేను ఇంతకు ముందు ఎరగను. చప్పుడు లేదు, కుదుపు లేదు. పెడల్ మీద కాలు పెడితే మెత్తగా జారిపోతుంది. ఇంజన్ ఆయిలు మార్పించే పని లేదు. పెట్రోలు వాసన పడని మా చిన్నదానికి ఈ కారులో ఒక్కసారి కూడా వాంతి కాలేదు. లివర్మోర్ శివవిష్ణు ఆలయానికి వెళ్ళొస్తే ట్యాంకు ముల్లు కదిలినట్టే ఉండదు. లోటల్లా డిక్కీ. ట్యాంకులు చోటు తినేయడంతో సోనామసూరి బస్తాలు రెండు పెడితే కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకోవాల్సిందే.

లాస్ ఏంజిలస్‌లో మా తోడికోడలు ఉంటుంది. ఇక్కడికి 350 మైళ్ళ పైన. నిండు ట్యాంకుతో వెళ్ళొచ్చని కాగితం మీద ఉన్నా, హైవే మీద ఏసీ వేసుకుని వేగంగా వెళితే అంత రాదు. దారి మధ్యలో కోలింగ దగ్గర ఒక బంకు ఉంది. రెండు మహానగరాల మధ్య ఆ దారిలో మా బళ్ళకి అదొక్కటే ఆధారం. అందుకని బయల్దేరే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఫోనులో ఆ బంకు పనిచేస్తోందో లేదో చూసుకుంటాం. లాస్ వెగాస్ వెళ్ళాలంటే మాత్రం ఈ కారు ఇంట్లో పెట్టాల్సిందే. నెవాడాలో బంకు లేదు. వెళ్ళగలం గానీ తిరిగి రాలేం.

ముడి ఎక్కడ పడింది?

హైడ్రోజన్ ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై లారీల్లో బంకుకి రావాలి. అక్కడ దాన్ని కుక్కాలి, చల్లబరచాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా బంకు మూతే. 2019 జూన్ 1న శాంటాక్లారాలో హైడ్రోజన్ లారీలు నింపే చోట పేలుడు జరిగింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దాంతో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బంకులకి సరఫరా ఆగిపోయి, కారున్నవాళ్ళు వారాల తరబడి ఇబ్బంది పడ్డారు. 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ కాలిఫోర్నియాలో కార్ల కోసం నడిపిన ఏడు హైడ్రోజన్ బంకుల్నీ మూసేస్తున్నట్టు చెప్పింది.

2018లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్, 2025 నాటికి రాష్ట్రంలో 200 హైడ్రోజన్ బంకులు ఉండాలని ఉత్తర్వు ఇచ్చారు. 2025 వచ్చింది, వెళ్ళింది. బంకులు వందకైనా చేరలేదు. బంకులు లేవని జనం కార్లు కొనరు, కార్లు లేవని కంపెనీలు బంకులు పెట్టవు. విత్తు ముందా, చెట్టు ముందా!

ఇక మా ఇంటి సంగతి. 2023లో ఒక సోమవారం. కారులో 38 మైళ్ళకి సరిపడా ఉంది. ఫోనులో చూస్తే మా దగ్గరి బంకు పనిచేయడం లేదు. రెండోదాంట్లో సరుకు లేదు. మూడోది పద్ధెనిమిది మైళ్ళ దూరం. వెళ్ళేసరికి పదకొండు కార్లు నిలబడి ఉన్నాయి. గంటన్నర గడిచాక నా ముందు ఇద్దరున్నారనగా మిషను ఆగిపోయింది. అక్కడ రాసిన నంబరుకి ఫోను చేస్తే మనిషి రేపు వస్తాడన్నారు. ఇంటికి తిరిగి రావాలన్నా ధైర్యం చాలలేదు. కారు అక్కడే వదిలేసి, మావారు ఆఫీసు మధ్యలో పెట్రోలు కారు తీసుకొస్తే ఇంటికొచ్చాను. ఆరోజు అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నెల ముందు తీసుకున్న టైము. అదీ పోయింది.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం, సరే. నన్ను బాధపెట్టింది వేరే. ఇక్కడికి భర్తతో పాటు వచ్చిన మనాడవాళ్ళకి కారు అంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. బస్సులు అంతంత మాత్రం. నడిచి వెళ్ళే దూరంలో ఏదీ ఉండదు. పాలప్యాకెట్టు కావాలన్నా భర్త ఇంటికి వచ్చేదాకా ఆగాలి. హెచ్4 వీసా మీద ఉన్న భార్యల్లో కొందరికి 2015లో ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. నేనూ అప్పుడే పనిలో చేరాను. డ్రైవింగ్ నేర్చుకుని, నా జీతంలోంచి వాయిదాలు కట్టుకుని తెచ్చుకున్న మొదటి కారు ఇది. ఆ వారంలో ఏమైందంటే, పొద్దున్నే లేచి "ఏమండీ, ఇవాళ మీ కారు మీకు అవసరమా?" అని అడగడం మొదలైంది. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. కానీ బండి నాది కాదు, బంకుది.

అప్పుడు మా అత్తగారు ఒక మాటన్నారు. "మా రోజుల్లో గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు చూసేవాళ్ళం. స్టవ్వు ముందే కొని అటక మీద పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కనెక్షన్ వచ్చాక కూడా బండ అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే రెండో బండ వచ్చేదాకా నేను కిరసనాయిలు స్టవ్వు పారేయలేదు. పొయ్యి ఎంత బావుంటే ఏం లాభం? బండ రావాలి కదమ్మా!"

ఫ్యూయల్ సెల్ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే బాగా అర్థం కాదు.

లెక్క చూద్దామా?

మేం కొన్నప్పుడు కిలో హైడ్రోజన్ 13 నుంచి 16 డాలర్లు ఉండేది. 2023 చివరికి చాలా బంకుల్లో 36 డాలర్లకి చేరింది. కిలోకి 70 మైళ్ళు వస్తాయనుకుందాం. 16 డాలర్ల ధరకి మైలుకి 23 సెంట్లు. 36 అయితే మైలుకి 51 సెంట్లు! గాలన్‌కి 35 మైళ్ళిచ్చే పెట్రోలు కారుకి, గాలన్ 5 డాలర్ల లెక్కన వేసినా మైలుకి 14 సెంట్లే.

ఇప్పుడు ఆ 15,000 డాలర్ల ఉచిత కార్డు చూడండి. కిలో 16 ఉంటే దాంతో 937 కిలోలు వస్తాయి, 65 వేల మైళ్ళు తిరగొచ్చు. 36 అయితే 416 కిలోలే. 29 వేల మైళ్ళకే కార్డు ఖాళీ. కార్డు మీది అంకె మారలేదు, దాని విలువ సగానికి సగం పోయింది. ఉచితం అంటే ఎన్ని డాలర్లు అని కాదు, ఎన్ని కిలోలు అని అడగాలి.

అమ్మేద్దామంటే? 50 వేల డాలర్ల పైన పెట్టి కొన్న ఇలాంటి కార్లు మూడు నాలుగేళ్ళకే పదివేల చిల్లరకి పలుకుతున్నాయి. కొత్తవాటికే గిరాకీ లేదు. 2024 మొదట్లో 2023 మిరాయ్ మీద 40,000 డాలర్ల దాకా తగ్గించి అమ్మారు, పైగా ఉచిత ఇంధనం కార్డు ఒకటి. మేం లెక్క వేసుకుని అమ్మకుండా ఉంచేసుకున్నాం. కార్డు అయిపోయింది. దగ్గరి పనులకి, వారాంతం గుడికి వాడుకుంటున్నాం. మొన్న ఇల్లు మారాక గోడకి ప్లగ్గు దొరికింది కాబట్టి ఒక పాత కరెంటు కారు కొన్నాం. ఆఫీసుకి నేను దాంట్లోనే వెళుతున్నాను. మా ఇంటి రెండో బండ అదే!

గాలి మాటేమిటి?

పొగ లేకపోవడం నిజమే. కానీ హైడ్రోజన్ గనుల్లో దొరకదు, తయారు చేయాలి. ప్రపంచంలో ఎక్కువ భాగం సహజవాయువు నుంచే తీస్తున్నారు. అలా కిలో హైడ్రోజన్ తీస్తే తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. కారు వెనక లేని పొగ ఫ్యాక్టరీ దగ్గర ఉందన్నమాట. సౌర విద్యుత్తుతో, గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తేనే అది గ్రీన్ హైడ్రోజన్. అందులోనూ ఒక చిక్కుంది. కరెంటుతో హైడ్రోజన్ తీసి, కుక్కి, లారీలో తెచ్చి, మళ్ళీ కారులో కరెంటు చేస్తే వంద యూనిట్లలో చక్రానికి అందేది ముప్ఫై చిల్లర. అదే కరెంటుని నేరుగా బ్యాటరీలో నింపితే డెబ్బై దాటుతుంది.

కొనాలనుకుంటే ఇవి అడగండి

కొత్తగా అమెరికా వచ్చి, చేతిలో డబ్బు అంతంత మాత్రంగా ఉన్న జంటలకి "పదివేలకే కొత్తలాంటి కారు" అన్న ప్రకటన గట్టిగా లాగుతుంది. సంతకం పెట్టే ముందు ఈ నాలుగూ చూసుకోండి.

ఇల్లు, ఆఫీసు రెండింటికీ దగ్గర్లో కనీసం రెండు బంకులు, అవీ వేరువేరు కంపెనీలవి ఉన్నాయా? ఒకటే కంపెనీవైతే సరుకు ఆగినప్పుడు రెండూ ఒకేసారి మూతపడతాయి.

ఆ బంకుల దగ్గరికి స్వయంగా వెళ్ళండి. సెలవురోజు మధ్యాహ్నం కాదు, పనిదినం సాయంత్రం ఆరింటికి. అరగంట నిలబడి నింపుకునేవాళ్ళని పలకరించండి. అమ్మేవాడు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

సెకండ్‌హ్యాండ్ కారుకి ఇంధనం కార్డు వస్తుందా, అందులో ఎంత మిగిలింది, గడువు ఎప్పుడు అన్నది రాతపూర్వకంగా అడగండి. ట్యాంకు గడువు, ఫ్యూయల్ సెల్ వారంటీ చూసుకోండి.

ఇంట్లో ఇంకో కారు ఉందా? లేకపోతే మాత్రం ఈ ఆలోచన మానుకోండి. ఉన్నా సరే, ఆ రెండో కారు ఎవరి చేతిలో ఉంటుందో, హైడ్రోజన్ దొరకనిరోజు ఎవరి పని ఆగుతుందో భార్యాభర్తలిద్దరూ ముందే మాట్లాడుకోండి. ఆగేది ఎప్పుడూ ఆడవాళ్ళ పనే కాకూడదు.

మన విశాఖ తీరానికి

మా చెల్లెలు ఇంతగా అడగడానికి కారణం ఉంది. 2022 మార్చి 30న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ మిరాయ్ కారులో పార్లమెంటుకి వచ్చారు. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారు చేయాలన్నది లక్ష్యం. 2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖపట్నం వచ్చి, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు 1.85 లక్షల కోట్లు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది ప్రణాళిక. ఇందులో ఎక్కువ భాగం ఎగుమతికి ఉద్దేశించిందే.

అంటే ఊళ్ళో హైడ్రోజన్ తయారవుతుంది కాబట్టి వీధిలో బంకు వస్తుందనుకోవడానికి లేదు. మామిడితోట పక్కనున్న ఊళ్ళో అన్ని ఇళ్ళలో మామిడిపళ్ళు ఉంటాయా? లారీ కావాలి, కుక్కే యంత్రం కావాలి, చల్లబరిచే యంత్రం కావాలి. అవి పాడైతే గంటలో వచ్చి బాగుచేసే మనిషి కావాలి.

అయితే ఈ హైడ్రోజన్ ఎందుకూ పనికిరాదా అంటే, అలా అనను. మాకు దగ్గర్లో ఓక్లాండ్ వైపు ఏసీ ట్రాన్సిట్ అనే సిటీ బస్సుల సంస్థ ఏళ్ళ తరబడి హైడ్రోజన్ బస్సులు నడుపుతోంది. ఆ బస్సులు బంకుల కోసం ఊరంతా వెతుక్కోవు. రాత్రి డిపోకి చేరతాయి, అక్కడే నింపుకుంటాయి, పొద్దున్నే బయల్దేరతాయి. పదిమందికీ ఒక్క బంకు చాలు, దాన్ని చూసుకునే మనిషి అక్కడే ఉంటాడు. విశాఖలోనో, విజయవాడలోనో ఇది రావాలంటే ఆ దారిలో ముందు రావడం మేలు. ఆ బస్సులో ఎక్కడానికి మా చెల్లెలికి కారూ అక్కర్లేదు, కార్డూ అక్కర్లేదు. టిక్కెట్టు చాలు.